హైదరాబాదు బాట

(మన వారి సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



పుణే నుండి షోలాపురము మీదుగా హైదరాబాదునకును, అటనుండి విజయవాడ, మచిలీపట్నములకును పోవు రహదారిని మనము చిరకాలము తొమ్మిదవ నంబరు రోడ్డనుచుంటిమి. 2010లో సంఖ్యలు మార్చిరి, ఇప్పుడది 65. మన పూర్వ భాగము వారికి మాత్రము అది హైదరాబాదు బాటయే.

మన తాతలందరును ఈ బాటనే నడచి వచ్చిరని కొందరు సభలలో చెప్పుట వినుచున్నాను. నడచినవారు లేకపోలేదు. కాని 1877లో ఇచట పాత మిల్లు నడువనారంభించునాటికే వాడీ-సికిందరాబాదు రైలుమార్గము వచ్చి మూడేండ్లయినది. రైలు దక్షిణమునకు దిగి, గుల్బర్గా, వాడీల మీదుగా చుట్టి పోవును. బాట అట్లు కాదు. తూర్పుముఖముగా నలదుర్గము, ఉమర్గా, హుమ్నాబాదు, జహీరాబాదు, సంగారెడ్డి తాకుచు రమారమి 300 కిలోమీటర్లలో హైదరాబాదు చేరును.

దగ్గరి దారియే, కాని నిరాటంకమైన దారి కాదు. షోలాపురము బొంబాయి రాష్ట్రము; నలదుర్గము నిజాము రాజ్యము. సరకు ఆ సరిహద్దు దాటవలెనన్న సుంకము చెల్లింపవలసియుండెను. 1948 సెప్టెంబరు 13 తెల్లవారుజామున మేజర్ జనరల్ చౌదరి నాయకత్వమున భారత సైన్యము ఈ బాటనే పట్టి, నలదుర్గము కడ బోరి నది వంతెనను వశపరచుకొని ముందునకు సాగెను. 17వ తేదీకి నిజాము లొంగిపోయెను.

సరిహద్దు పోయెనని సంతసించితిమి. 1956 నవంబరు 1న మరల రెండు గీతలు పడినవి. ఉమర్గా బొంబాయికి, హుమ్నాబాదు మైసూరునకు, జహీరాబాదు ఆంధ్రప్రదేశమునకు చెందినవి. మనము మాత్రము ఉన్నచోటనే యుండి అల్పసంఖ్యాకులమైతిమి. నేడు ఆ బాటపై మహారాష్ట్రము, కర్ణాటకము, తెలంగాణములు వరుసగా ఎదురగును.

గత వేసవిలో సిరిసిల్లలో పెండ్లికి పోవుచు నా మనుమని కిటికీ ప్రక్కన కూర్చుండబెట్టితిని. ఉమర్గా వరకు దారిప్రక్క బోర్డులన్నియు గడగడ చదివెను. కర్ణాటకములో గుండ్రని అక్షరములు కనబడగానే, "తాతా, తెలుగు వచ్చిందా?" అనెను. కాదు, కన్నడమంటిని. జహీరాబాదులో నిజముగా తెలుగు బోర్డు వచ్చినప్పుడు, "ఇంకా కన్నడమేనా తాతా?" అని అడిగెను. బస్సులో ప్రక్కవారు నవ్విరి. వాడు ఇంటిలో తెలుగు తప్ప మాటాడడు. వానికి అక్షరములు నేర్పని వాడను నేనే. రాత్రింబవళ్లు మగ్గముల లెక్క చూచుకొంటినే గాని పలక కొనిపెట్టనైతిని.

ఆదివారము ఉదయమున మా అరుగుపై ఇప్పుడు నలుగురు పిల్లలు కూర్చుండుచున్నారు. అ, ఆ లతో విసిగిరి. అందువలన బాటమీది ఊళ్లపేర్లు వ్రాయించుచున్నాను. సదాశివపేట వరకు వచ్చినారు. అరుగుపై ఇంకను పదిమందికి చోటున్నది, పలకలు నేనిత్తును.