బి.పి. రెండు చేతులకూ చూడాలి



మనలో గుండెజబ్బుకో, కాలి రక్తనాళాలు పూడుకుపోయినందుకో మందులు వాడేవారున్నారు. వారికి నా మనవి ఒక్కటే. బి.పి. ఒక చేతికే చూపించుకొని ఊరుకోకండి.

రక్తనాళాల్లో కొవ్వు పేరుకునే జబ్బు కాళ్ళతోనే ఆగదు. చేతికి వెళ్ళే నాళం ఇరుకైతే ఆ చేతిలో బి.పి. తక్కువగా కనబడుతుంది. రెండో చేతిలో 160 ఉన్నా, ఈ చేతిలో 135 చూసి బాగానే ఉందనుకుంటాం. పక్షవాతం ముప్పు అక్కడే పొంచి ఉంటుంది. పై అంకెలో తేడా 15 ఉంటే అది రక్తనాళాల జబ్బుకు సూచన కావచ్చని 2012లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన సమీక్ష తెలిపింది. అందుచేత రెండు చేతులకూ చూడమని డాక్టరుగారిని అడగండి. ఎక్కువ వచ్చిన చేతికే ఆ తర్వాత చూపించుకుంటూ ఉండండి.

మెట్లెక్కి రాగానే చూసిన అంకెను నమ్మరాదు. వీపు ఆనించి, పాదాలు నేలపై ఉంచి, అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తులో బల్లపై ఉండాలి. నిమిషం ఆగి మరోసారి చూడాలి. తేదీ, వేళ, ఏ చెయ్యో రాసిపెట్టుకోండి. ఒక్క అంకె చూసి మాత్ర మానడం గాని, పెంచడం గాని మనంతట మనం చేయరాదు.

కచేరీలో రెండు రిజిస్టర్లు సరిచూడనిదే సంతకం పెట్టేవారం కాదు. ఒంటి విషయంలోనూ ఆ పద్ధతే పాటిద్దాం. సెలవు.