పురాతన పిస్తోళ్లు: సత్యాసత్య పరీక్ష



పరీక్షింపక వస్తువును గైకొనుట మన పూర్వుల పద్ధతి కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున కోశమునకు చేరదగిన రత్నములను పరీక్షించుటకై ఒక అధ్యాయమే కలదు. నాణెముల మంచిచెడ్డలు చూచుటకు రూపదర్శకుడను ఉద్యోగి అందు చెప్పబడినాడు. ఆ పరీక్షాబుద్ధి నేడు మిక్కిలి అవసరమైన స్థలములలో పురాతన పిస్తోళ్ల సేకరణ యొకటి. హింసకై పుట్టిన ఈ వస్తువు కాలము గడచిన పిదప చరిత్రకు సాక్షి యగుచున్నది. సాక్షి యనినంతనే కూటసాక్షియు ఉండును గదా!

అమెరికా దేశపు వాకర్ కోల్టును ఉదాహరణముగా గ్రహింతము. సామ్యూల్ కోల్టు 1836లో తిరుగుడు పిస్తోలుకు హక్కుపత్రము పొంది, పాటర్సన్ పట్టణమున కార్ఖానా నెలకొల్పెను. అది 1842 నాటికి మూతపడెను. పిమ్మట మెక్సికో యుద్ధకాలమున కాప్టెన్ సామ్యూల్ వాకర్ సూచనల ననుసరించి కోల్టు ఒక పెద్ద పిస్తోలును రూపొందించి, 1847లో ఎలై విట్నీ కుమారుని కార్ఖానాలో చేయించెను. సైన్యమునకు 1000, ఇతరులకు సుమారు 100 మాత్రమే తయారయ్యెను. గొట్టము 9 అంగుళములు. బరువు రెండు కిలోలకు పైమాట. మందు అధికముగా పట్టుటచేతను, ఆనాటి ఇనుము అంత గట్టిది కాకపోవుటచేతను అనేకములు పేలునప్పుడు పగిలిపోయెను. కావుననే నేడు మిగిలినవి బహు కొలది. 2018లో అట్టిది యొకటి వేలమున 18 లక్షల డాలర్లకు మించి పలికెను.

ఇంత ధర పలుకు చోట మోసము పొంచియుండుట సహజము. కోల్టు మరుసటి సంవత్సరమే చేయ నారంభించిన డ్రాగూన్ పిస్తోలు వాకర్‌ను పోలియుండును. కాని దాని గొట్టము పొట్టిది, గుండ్లు నింపెడి అర చిన్నది. ఇటీవలి దశాబ్దములలో ఇటలీలో చేయుచున్న నకళ్లును కలవు. నకలును నకలని చెప్పి అమ్మిన దోషము లేదు. దానిని ఆమ్లముతో కరగించి, తుప్పు పట్టించి, ప్రాతదని చెప్పినచో అది వంచన.

పరీక్షకుడు మొదట చూడవలసినది అంకెలు. వాకర్ పిస్తోళ్ల భాగములపై దళము పేరును సూచించు అక్షరమును, సంఖ్యయు ముద్రింపబడియుండును. అన్ని భాగములపై ఒకే సంఖ్య యున్న మేలు. దస్తావేజులో తిథికి వారము కుదరనిచో కరణము ఎట్లు ఆగునో, ఒక భాగమున అంకె మారినచో కొనువాడును అట్లే ఆగవలెను. అంకెలు కుదిరినను చాలదు. తుప్పు తిన్న గుంటలమీద అంకె నిలిచియున్నచో అది తుప్పు పట్టిన పిదప కొట్టిన ముద్ర. చుట్టునున్న లోహము అరిగి, అంకె అంచు మాత్రము వాడిగా నున్నచో అదియు అనుమానాస్పదమే.

రెండవది కాలానుగుణ్యము. ఇంగ్లండున బర్మింగుహాము పరీక్షాశాల 1813లో ఏర్పడినది. దాని ముద్ర గల పిస్తోలును 1780 నాటిదని చెప్పినచో, ఆ ముద్ర తరువాత వేయబడినదని రుజువైన గాని ఆ మాట నిలువదు. ఫోర్సైతు కనుగొన్న తాడన విధానమునకు 1807లో హక్కుపత్రము లభించెను. పిమ్మట అనేక చెకుముకి పిస్తోళ్లను టోపీ పిస్తోళ్లుగా మార్చిరి. నేడు కొందరు లాభాశచే వానిని మరల చెకుముకి రూపమునకు తెచ్చుచున్నారు. కొత్తగా పూడ్చిన రంధ్రములు, చెదరిన మరల తలలు ఆ సంగతి చెప్పివేయును.

మూడవది వస్తువు నడచివచ్చిన త్రోవ. కోల్టు 1873 నాటి నమూనా పిస్తోళ్లు లక్షలకొలది తయారైనవి. వానిలో ఒకదానితో పాట్ గారెట్ అను అధికారి 1881లో బిల్లీ ది కిడ్‌ను కాల్చెను. అదియే 2021లో 60 లక్షల డాలర్లకు అమ్ముడయ్యెను. లోహమునకు అంత వెల లేదు. ఆ పిస్తోలుకై గారెట్ భార్య న్యాయస్థానమున వ్యాజ్యమాడి గెలిచినది. చేతులు మారిన ప్రతి మెట్టుకును కాగితము కలదు. వెల ఆ కాగితములది!

మన దేశమునకు వచ్చిన, 1799 మే 4న శ్రీరంగపట్టణము పడిన పిదప టిప్పు సుల్తాను ఆయుధములు ఆంగ్లేయుల చేతులలోబడి సముద్రములు దాటెను. పులిచారల అలంకారము వాని గుర్తు. కాని చారలు ఎవడైనను చెక్కగలడు. టిప్పు తన మౌలూదీ శకపు సంవత్సరాంకెలను నాణెములపై కుడినుండి ఎడమకు వ్రాయించినాడని ఎరిగినవాడు తారీఖును చదువు తీరు వేరు. ఎరుగనివాని తీరు వేరు.

ఇండ్లలో ప్రాత పిస్తోలు కనబడినచో ఉప్పు కాగితముతో తోమి మెరుగు పెట్టరాదు. నూరేండ్ల వన్నె ఒక గంటలో పోవును. దానితో వెలయు పోవును. లోపల మందు నిండియున్నదేమో యని జాగ్రత్తపడి, ఎరిగినవారికి చూపవలెను. 1959 నాటి ఆయుధముల చట్టమును, 1972 నాటి పురావస్తు చట్టమును గమనింపవలెను. నూరేండ్లు దాటిన పురావస్తువును ప్రైవేటు వ్యక్తి విదేశమునకు పంపుట నిషిద్ధము. చూడగోరువారికి హైదరాబాదున సాలార్‌జంగ్ మ్యూజియమున ఆయుధముల విభాగము కలదు.

కల్ల దస్తావేజు ఒక కుటుంబమును చెరచును. కల్ల పురావస్తువు రాబోవు తరముల జ్ఞానమునే చెరచును. దీనికి విరుగుడు గ్రంథములు. ముద్రల పట్టికలు, కార్ఖానాల లెక్కలు, వేలముల వివరములు చదివినవానిని వంచించుట కష్టము. ఇరువదియైదు వత్సరములుగా ఈ గ్రంథాలయము వెలిగించుచున్న దీపమునకు అట్టి ప్రయోజనమును కలదు. ఆ దీపము దినదినాభివృద్ధి నొందుగాక!