వంగిన నడుమును పక్కనుండి చూడండి
(బొల్లాపల్లి సంఘములో చేసిన ప్రసంగ పాఠము)



ఆదివారం ఆరాధన ముగిశాక గుడి ద్వారం దగ్గర నిలబడితే, నేలను చూస్తూ నడిచే పెద్దలు కనబడతారు. "ఏం మామ్మా, నడుమెట్లా ఉంది?" అంటే "వయసు నాయనా" అంటారు. వైద్యులమైన మేమూ చాలాకాలం అదే మాట చెప్పి, నొప్పి బిళ్ళలిచ్చి పంపాము. అది మా పొరపాటు. లూకా సువార్తలో 18 ఏండ్లు నడుము వంగిన స్త్రీని గూర్చి కూడా ఇరుగుపొరుగు అట్లాగే అనుకున్నారేమో!

మనిషిని పక్కనుండి చూడాలి. మేస్త్రీ గుండు వేలాడదీసి గోడ చూసినట్లు, మెడ అడుగు పూసనుండి గీత దించితే అది త్రికాస్థి వెనుక మూల దగ్గర పడాలి. 5 సెంటీమీటర్లకు మించి ముందుకు పడితే సాధారణంగా సమతూకం తప్పినట్లే. బాగా పెద్దవారికి కొంత సడలింపు ఉన్నది. అయితే శరీరం గడుసుది. తల ముందుకు పోతుంటే తుంటిని వెనక్కు తిప్పుతుంది, చాలకపోతే మోకాళ్ళు వంచుతుంది. చూడడానికి నిటారే, సాయంత్రానికి మాత్రం నడుము, తొడలు పీకుతాయి. అందుకే పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రే చాలదు. మోకాళ్ళు చాపి నిలబెట్టి, తలనుండి తొడలవరకు పక్కనుండి తీయాలి. ఇంటివద్ద మడమలు, వీపు గోడకు ఆనించి నిలబెట్టండి. తల వెనుకభాగం గోడకు తగలకపోతే వైద్యునికి చూపించండి.

అరిగిన డిస్కులు, గుల్లబారి కూలిన పూసలు, క్షయ, ఇట్లా కారణాలు అనేకం. మన వైపు నీటిని కూడా అనుమానించాలి. 1937లో షార్ట్ మొదలైన వైద్యులు నాటి నెల్లూరు జిల్లాలో, ఫ్లోరైడు నీటివల్ల వెన్ను కొయ్యబారిన వారిని గూర్చి వ్రాశారు. మన పొరుగు దర్శి, పొదిలి అప్పుడు ఆ జిల్లావే. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించిన బోరునీరు త్రాగరాదు. కాచినా ఫ్లోరైడు పోదు.

క్షయకు, గుల్లబారిన ఎముకకు మందులున్నవి. వ్యాయామం ముదిరిన వంపును తీయదు గాని మోసే బలాన్నిస్తుంది. ఇవి చాలనప్పుడే ఆపరేషను. ఒక పూసనుండి చీలికగా ఎముక తీసి మూస్తే సుమారు 30 డిగ్రీలు సరియగును. రక్తస్రావం, నరాల దెబ్బ, కడ్డీలు విరగడం వంటి ప్రమాదాలు తక్కువేమీ కావు. ముసలివారిని పడుచువారివలె నిలబెట్టబోతే కడ్డీల పైభాగాన మళ్ళీ వంగుతుంది. కొంత వంపు ఉంచడమే మేలు.

కాళ్ళు బిగుసుకొన్నా, తడబడినా, మూత్రం ఆగిపోయినా మాత్రం ఎదురుచూడకండి. ఆ రోజే గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకొనిపొండి.