దివిసీమ నీటి చదువు



కొండపల్లి బొమ్మ సంగతి మీకు నేను చెప్పాలా? తెల్ల పొణికి కర్ర చెక్కుతారు. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి ముక్కలు అతుకుతారు. ఆ పనితనం కంటికి కనపడుతుంది. కాబట్టి దాన్ని కాపాడాలని అందరూ అంటారు. ఈ రోజు కంటికి కనపడని పనితనం గురించి చెబుతాను.

మన కృష్ణమ్మ బెజవాడ దాటి, పులిగడ్డ దగ్గర రెండు పాయలవుతుంది. ఆ పాయల మధ్య నేలే దివిసీమ. ఇంకా కిందికి పోతే ఎదురుమొండి దీవి. అక్కడి జనం తరతరాలుగా పడవ మీదా, పంటు మీదా ఏరు దాటినవాళ్ళే. వాళ్ళలో ఎక్కువమందికి సముద్రం మీద వేటే బతుకు.

వాళ్ళ చదువంతా నీళ్ళలోనే ఉంది. నీరు ఎక్కితే పోటు, తీస్తే పాటు. అమావాస్యకు, పున్నమికి పోటు పెద్దది. అష్టమికి చిన్నది. ఇవాళ వచ్చిన వేళకు రేపు రాదు, ముప్పావు గంట పైనే ఆలస్యమవుతుంది. గడియారం లేకుండానే ఈ లెక్క కట్టేవారు. మడ అడవిలో తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే ప్రమాదమని పిల్లలకు ముందే చెప్పేవారు. ఏ చేపకు ఎంత ఉప్పు పట్టాలి, ఎన్ని ఎండలు కావాలి? అది ఆడవాళ్ళ చదువు. దాన్ని చదువని ఎవరూ అనలేదు, అదే నాకు కోపం!

1977 నవంబరు 19న ఉప్పెన వచ్చింది. తాటిచెట్టంత అల అని బతికినవాళ్ళు చెప్పుకున్నారు. కోస్తాలో సుమారు 10,000 మంది పోయారు. ఊళ్ళకు ఊళ్ళే తుడిచిపెట్టుకుపోయాయి. పెద్దవాళ్ళతోపాటు వాళ్ళకు తెలిసినదీ పోయింది.

తర్వాత కాలం మారింది. చెక్క నావ పోయి ఫైబరు పడవ వచ్చింది. నూలు వల పోయి నైలాను వల వచ్చింది. మంచిదే, కష్టం తగ్గింది. తుపాను కబురు ఇప్పుడు ఫోనుకే వస్తుంది. కానీ గాలి తిరిగితే ఏ మొగలో పడవ కట్టాలో ఫోను చెప్పదు. అది ముసలివాళ్ళ నోట ఉంది.

మీలో ఎవరికైనా నాగాయలంక వైపు చుట్టాలున్నారా? ఈసారి వెళితే పలక వద్దు, నోటుబుక్కు తీసుకెళ్ళండి. అత్తనో, అమ్మమ్మనో అడిగి రాయండి. పేజీకి ఒక మాట చాలు. చెప్పినవాళ్ళ పేరు, ఊరు, తేదీ పక్కనే వేయండి. తప్పులు తర్వాత దిద్దుకోవచ్చు. చేపల పేర్లతో మొదలుపెడితే సులువు.