మల్టీమీడియా ల్యాప్‌టాప్: ముందు తెర చూడండి

సినిమాలు చూడడానికి, పాటలు వినడానికి, పెళ్లి వీడియోలు ఎడిట్ చేసుకోవడానికి ల్యాప్‌టాప్ కొనేవారు దుకాణంలో మొదట ప్రాసెసర్ పేరు అడుగుతారు. నేనైతే ముందు తెర చూడమంటాను.

వివరాల పట్టికలో తెర చూపగల రంగుల కొలతగా ‘45 శాతం ఎన్‌టీఎస్‌సీ’ అని ఉంటే ఆ తెర మీద రంగులు వెలవెలబోతాయి. మామూలుగా వీడియోలకు, ఫొటోలకు వాడే ఎస్‌ఆర్‌జీబీ రంగుల్లో అది దాదాపు మూడింట రెండు వంతులే చూపగలదు. పెళ్లికూతురి ఎర్రటి పట్టుచీర కళ తప్పి కనిపిస్తుంది. బాగులేదనుకుని మీరు రంగు పెంచుతారు. అదే వీడియో మంచి టీవీలో వేస్తే ముఖాలు కూడా ఎర్రబడి ఉంటాయి. అందుకే ‘100 శాతం ఎస్‌ఆర్‌జీబీ’ అని రాసి ఉన్నదే తీసుకోండి. వెలుతురు కనీసం 300 నిట్లు ఉండాలి. లేకపోతే పగటిపూట కిటికీ పక్కన కూర్చుని పని చేయడం కష్టం.

తర్వాత వేడి. పలుచని ల్యాప్‌టాప్ చూడముచ్చటగా ఉంటుంది గానీ, లోపల గాలి ఆడే చోటు తక్కువ. బాగా వేడెక్కితే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. 4కే దృశ్యంలో ఫుల్ హెచ్‌డీకి నాలుగింతల చుక్కలుంటాయి. ఆ భారంతో పుట్టే వేడి ఐదు నిమిషాల పరీక్షలో బయటపడదు. అరగంటైనా ఆపకుండా పని చేయించి చూసిన సమీక్షలనే నమ్మండి.

స్పీకర్లు చాలావాటిలో అడుగున ఉంటాయి. పరుపు మీద పెడితే మాట సరిగా వినిపించదు. హెడ్‌ఫోన్ ఉంటే ఇది పెద్ద లోపం కాదు. ర్యామ్ సంగతి అలా కాదు. మదర్‌బోర్డుకే అతికించి ఉంటే తర్వాత పెంచుకోలేరు. ఎడిటింగ్ చేసేవారు కొనేటప్పుడే 16 జీబీ తీసుకోవాలి.