బ్యాటు పిడికి రెండు చుట్లు
(మన సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి ముందు మాట్లాడినవారు సవివరంగా చెప్పారు. నన్ను ఆటల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. గుమాస్తా ఉద్యోగం చేస్తూనే సెలవు రోజుల్లో సాఫ్ట్‌బాల్ పోటీలకు అంపైరుగా వెళ్ళేవాడిని. మీ మనుమరాళ్ళు కొందరు ఈ ఆట ఆడుతున్నారని విని, బ్యాటు పిడికి చుట్టే టేపు సంగతి ఎంచుకున్నాను.

టేపే కదా అనకండి. చెమట చేతిలోంచి జారిన బ్యాటు ఎవరి మోకాలికి తగులుతుందో చెప్పలేం. అందుకే అమెరికా సాఫ్ట్‌బాల్ నిబంధనల్లో పిడి పట్టు 10 అంగుళాలకు తగ్గరాదు, చివరినుంచి 15 అంగుళాలు దాటరాదు అని ఉంది. నున్నటి ప్లాస్టిక్ టేపు పనికిరాదు. టేపును మెలికగా తెగకుండా చుట్టాలి, రెండు పొరలు మించరాదు. మించితే బ్యాటు రూపం మార్చినట్టే. అటువంటి బ్యాటుతో ఆడితే అవుటు, పైగా ఆటనుంచి బహిష్కరణ. అయితే పాత పట్టు తీసి నిబంధన ప్రకారం కొత్తది వేసుకోవడం తప్పు కాదు. ఈ చివరి వాక్యం చాలామంది చదవరు.

దీనికి దాయాది అయిన బేస్‌బాల్‌లో 1983 జూలై 24న న్యూయార్క్‌లో ఒక తమాషా జరిగింది. జార్జ్ బ్రెట్ కొట్టిన హోమ్ రన్‌తో కాన్సాస్ సిటీ జట్టు 5–4 ఆధిక్యంలోకి వచ్చింది. అప్పుడు ఎదుటి జట్టు మేనేజరు బిల్లీ మార్టిన్ వచ్చి, బ్యాటుకు పూసిన జిగురు 18 అంగుళాలు దాటిందన్నారు. ఆ సంగతి వారు ముందే కనిపెట్టి అదను కోసం ఆగారట! అంపైర్లు కొలిచి బ్రెట్‌ను అవుటిచ్చారు. నాలుగు రోజులకు లీగ్ అధ్యక్షుడు లీ మెక్‌ఫెయిల్ ఆ తీర్పు కొట్టివేశారు. అటువంటి బ్యాటును పక్కన పెట్టించాలే గాని కొట్టిన దెబ్బను రద్దు చేయరాదన్నారు. మిగిలిన ఆట ఆగస్టు 18న ఆడించారు.

అదను చూసి వేసే అభ్యంతరం మనకు కొత్తా? నా పెన్షను కాగితాలు చేరిన ఎనిమిది నెలలకు, ఒక కార్యాలయం వారు సర్వీసు రిజిస్టరులో ఒక సంతకం లేదని తిప్పి పంపారు. మొదటిరోజే చెబితే సాయంత్రానికి పెట్టించేవాణ్ణి.

ఒకసారి బాలికల జిల్లా పోటీల్లో, ఆటకు ముందు తనిఖీలో ఒక జట్టు బ్యాటుకు నల్లటి కరెంటు టేపు నాలుగైదు పొరలుంది. ఆ జట్టుకు అదొక్కటే బ్యాటు. "ఊరుకోండి సార్, బ్యాటింగుకు వచ్చాక అవుటిద్దురుగాని" అన్నారు ఎదుటి జట్టు మాస్టారు. నేను ఒప్పుకోలేదు. టేపు ఊడదీయించి, ప్రథమ చికిత్స పెట్టెలోని గుడ్డ ప్లాస్టరు రెండు చుట్లు వేయించాను. ఆట పది నిమిషాలు ఆలస్యమైంది. ఆ అమ్మాయి మూడుసార్లూ అవుటయింది, అది వేరే సంగతి.

మీ ఇంట్లో బ్యాటుంటే ఈ రాత్రే స్కేలు పెట్టి కొలవండి. మనుమరాలి జట్టు ఏ నిబంధనల కింద ఆడుతుందో కోచ్‌ని అడగండి. పోటీనాడు తనిఖీకి బ్యాటు ముందుగానే చూపించమనండి. సెలవు.