గ్రంథాలయంలో మన చోటెక్కడ?

(కామారెడ్డిలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హక్కుల గురించి మాట్లాడుకునే చోట గ్రంథాలయ భవనం సంగతి ఎందుకని మీకు అనిపించవచ్చు. బీడీలు చుట్టే ఇంటిని ఒకసారి గుర్తు తెచ్చుకోండి. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల్లో మనందరికీ తెలిసిన ఇల్లే అది. ఉన్న ఒక్క గదిలోనే తునికాకు, తంబాకు, వంట, పసిపిల్లలు. డిగ్రీ చదివే కూతురు పుస్తకం తెరిస్తే ఒళ్ళోకి చాట వచ్చి పడుతుంది. ఆమెకు కావలసింది పుస్తకం ఒక్కటే కాదు, చదువుకునే చోటు కూడా.

1929లో వచ్చిన 'ఎ రూమ్ ఆఫ్ వన్స్ ఓన్'లో వర్జీనియా వుల్ఫ్ ఒక సంఘటన చెబుతుంది. విశ్వవిద్యాలయ గ్రంథాలయంలోకి స్త్రీ వెళ్ళాలంటే కళాశాల సభ్యుడైనా వెంట ఉండాలి, పరిచయ పత్రమైనా తేవాలి. ఈనాడు గుమ్మంలో మనల్ని ఆపే మనిషి లేడు. చాలాచోట్ల భవనమే ఆపుతుంది. ఒకే హాలు, మధ్యలో పేపర్ల బల్ల, చుట్టూ మగవాళ్ళు. మరుగుదొడ్డి ఉండదు, ఉన్నా తాళం. చీకటి పడితే దారిలో దీపం ఉండదు. ఇక స్త్రీలకు ప్రవేశం లేదని బోర్డు రాయనక్కర లేదు.

కంప్యూటర్లు వచ్చాక విశ్వవిద్యాలయ గ్రంథాలయాలు కట్టే పద్ధతి మారింది. పుస్తకాలు భద్రపరచడంతో పాటు మనుషులు కలిసి చదువుకోవడమూ ముఖ్యమైంది. నిశ్శబ్దంగా చదివేవాళ్ళకు వేరే హాలు, చర్చించుకునేవాళ్ళకు అద్దాల గోడల గదులు కడుతున్నారు. మాట బయటికి పోదు, మనిషి మాత్రం కనబడుతుంది. నలుగురు ఆడపిల్లలు గట్టిగా వాదించుకుంటూ చదివే చోటు మన ఊళ్ళలో ఇంకెక్కడుంది? హోటల్లోనా, బస్టాండులోనా?

ఇది మనకు కొత్త కోరిక కాదు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం మొదలైంది. సభలపై ఆంక్షలున్న నిజాం కాలంలో గ్రంథాలయాలు జనం కలుసుకునే చోట్లు కూడా అయ్యాయి. 1930లో జోగిపేటలో ఆంధ్ర మహాసభతో పాటే నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన ఆంధ్ర మహిళాసభ జరిగింది.

2023 డిసెంబరులో మహిళలకు ఆర్టీసీ బస్సు ప్రయాణం ఉచితమైంది. ఎల్లారెడ్డి పిల్ల చార్జీ లేకుండా కామారెడ్డికి రాగలదు. కాలేజీ అయ్యాక బస్సు వచ్చేదాకా ఆమె ఎక్కడ కూర్చోవాలి?

ఆస్తిపన్నుతో పాటు రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. అది మన డబ్బు. ఊరి గ్రంథాలయమైనా, భిక్కనూరులోని తెలంగాణ విశ్వవిద్యాలయ ప్రాంగణమైనా, కొత్తగా కట్టినప్పుడు ప్లాను ముందు అక్కడ చదివే ఆడపిల్లలకు చూపించాలని అడుగుదాం. మరుగుదొడ్డి, చర్చల గది, తల్లులతో వచ్చే పిల్లలకు ఒక మూల, ఆఖరి బస్సు దాకా తెరిచి ఉండే తలుపు, దారి పొడవునా దీపాలు. ఇవి దయతో ఇచ్చే సౌకర్యాలు కావు, చదువు హక్కులో భాగాలు.

ముందు ఒక పని చేద్దాం. పదిమందిమి కలిసి ఒక సాయంత్రం మన ఊరి గ్రంథాలయానికి వెళ్ళి కూర్చుందాం. కుర్చీలెన్ని, ఆడవాళ్ళెందరు, మరుగుదొడ్డి తాళంచెవి ఎవరి దగ్గరుంది, అన్నీ రాసుకుందాం. మన వినతిపత్రం ఆ కాగితం నుంచే మొదలవ్వాలి.